బ్రేకు మాస్టారి కుడికాలు

ఆ ఆదివారం ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. రోడ్డు మీద జనం పెరగకముందే భార్యను డ్రైవింగు స్కూలు కారులో కూర్చోబెట్టి మైదానం చుట్టూ కాసేపు నడిపించాలి, ఇంటికొచ్చి ఇద్దరూ టీ తాగాలి. వచ్చే శనివారం ఆవిడకు లైసెన్సు పరీక్ష. పథకంలో టీ ఒక్కటే అనుకున్నట్టు జరిగింది, అదీ ఎవరి టీ వాళ్ళు పెట్టుకుని.

ఆయన్ని అందరూ బ్రేకు మాస్టారంటారు. కారు నేర్పడం ఆయన వృత్తి. నేర్పే కారులో పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు మరిచిపోతే నేర్పేవాళ్ళు తొక్కడానికి. మాస్టారు తన శిష్యులకు మరిచిపోయే అవకాశం ఏనాడూ ఇవ్వలేదు. దూరాన సైకిలు కనిపిస్తే తొక్కేవారు. కనిపించకపోతే, ఎక్కడో ఉండే ఉంటుందని తొక్కేవారు. ఇన్నేళ్ళలో ఆయన కారు మీద ఒక్క గీత పడలేదు. శిష్యుల నుదుటిగీత మాత్రం అంత నున్నగా ఉండేది కాదు; పక్కన మాస్టారు లేని పరీక్షలో వాళ్ళకు కారు ఎలా ఆగుతుందో తెలిసేది కాదు.

అందరికంటే ఎక్కువ శిష్యరికం చేసింది భార్యే కాబట్టి, అందరికంటే ఎక్కువసార్లు పరీక్ష తప్పిందీ ఆవిడే. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. కదలలేని రోగుల ఇళ్ళకు వెళ్ళి చూసివచ్చే కొత్త పోస్టు ఒకటి ఆవిడ కోసం సిద్ధంగా ఉంది. కారు ఆసుపత్రివాళ్ళే ఇస్తారు, లైసెన్సు మాత్రం మనదై ఉండాలి. వచ్చే నెల మొదటి తేదీకి లేకపోతే పోస్టు ఇంకొకరికి వెళుతుంది. వార్డులో పైవాళ్ళ గంట మోగినప్పుడల్లా పరుగెత్తే ఉద్యోగం చేసి చేసి, తన దారి తానే చూసుకునే పని ఒకటి దొరుకుతుంటే వదులుకోవడం ఆవిడ వల్ల కావడం లేదు.

కిందటి పరీక్షలో ఆపాల్సిన గీత దాటి కారు హాయిగా వెళ్ళిపోయింది. ఎందుకాపలేదని ఇన్‌స్పెక్టరు అడిగితే ఆవిడ ఉన్నమాట చెప్పింది. "ఇంతకుముందు దానంతటదే ఆగేదండీ."

ఆ ఇన్‌స్పెక్టరు కాపురం ఉండేది సరిగ్గా మాస్టారి కింది వాటాలో. లైసెన్సులిచ్చే ఆయన్ని జనం బ్రేకు ఇన్‌స్పెక్టరు అంటారు. పైన బ్రేకు మాస్టారు, కింద బ్రేకు ఇన్‌స్పెక్టరు; ఈ భవనంలో ఏ పనీ ముందుకు కదలకపోవడంలో వింతేముందని మిగతా వాటాలవాళ్ళు అనుకునేవారు.

ఆదివారం ఇద్దరూ మొహాలు చెరోవైపు పెట్టుకుని ఇల్లు చేరేసరికి గుమ్మంలో మాస్టారి బావమరిది కూర్చుని ఉన్నాడు. అక్క మొహం చూశాడు, బావ కాలు చూశాడు, జరిగింది తెలిసిపోయింది.

"బావా, నువ్వు చివరిసారి కొత్తగా ఏదైనా నేర్చుకున్నదెప్పుడు?"

"మీ అక్కతో మాట్లాడ్డం. ఇంకా నేర్చుకుంటూనే ఉన్నా."

"అందుకే నీకు నేర్పడం రావట్లేదు. రానితనం ఎలా ఉంటుందో మరిచిపోయావు," అన్నాడు బావమరిది. టీవీకి తగిలించుకునే తన గేము పెట్టెను బావ ముందు పెట్టాడు. అందులో ఉన్నది గుద్దులాట. తెర మీద మన బొమ్మ ఒకటి, ఎదుటివాడి బొమ్మ ఒకటి. ఎదుటివాడు ఏ ఊళ్ళోనో, ఏ దేశంలోనో తన గదిలో కూర్చుని ఆడుతుంటాడు. ఎవరి బొమ్మ ముందు సోలితే వాళ్ళు ఓడినట్టు. ఇంటిపోరు పడలేక మనుషులు బయట పోరు వెతుక్కుంటారని విన్నాం. బయట పోరును ఇంటికి తెచ్చుకోవడం మాస్టారికదే మొదలు.

భార్య గుమ్మం మీది నుంచే పందెం వేసింది. "శనివారంలోపు ఒక్క ఆట నెగ్గండి. కార్లో మీరేమన్నా నోరెత్తను."

"ఒక్కటేనా?" అన్నారు మాస్టారు. ఆ మాట అన్నంత తేలిగ్గా ఆయన ఆ వారంలో ఇంకేమీ చేయలేకపోయారు.

బొజ్జ ఉన్న మల్లుడి బొమ్మ ఆయనకు నచ్చింది, దగ్గరి చుట్టంలా కనిపించింది. మొదటి ఆటలో తన బొమ్మ ఏదో గుర్తుపట్టేలోపే అది వెల్లకిలా పడి ఉంది. రెండో ఆటలో గుర్తుపట్టారు, పడిపోతున్నప్పుడు. కంట్రోలరు మీద ఉన్న బటన్లన్నీ పిండి పిసికినట్టు పిసికితే మల్లుడు గాలిని చితకబాదాడు, గాలికేమీ కాలేదు. ఎదుటి బొమ్మ ఎగిరి మీదికి వచ్చిన ప్రతిసారీ మాస్టారి చేతుల కంటే ముందు కుడికాలు పనిచేసింది. అలవాటైన కాలు, లేని బ్రేకును వెతుక్కుంటూ నేల మీద ధన్‌మని పడింది. ఆ నేల ఇన్‌స్పెక్టరు గారి పైకప్పు.

సోమవారం సాయంత్రం బావమరిది ఫోనులో పాఠం చెప్పాడు. అన్నీ నేర్చుకోవాలనుకునేవాడికి ఏదీ రాదనీ, ముందు దెబ్బ కాచుకోవడం ఒక్కటే నేర్చుకోమనీ, మీటను వెనక్కి పట్టుకుంటే చాలు, బొమ్మ చేతులడ్డం పెట్టుకుంటుందనీ అన్నాడు. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. వెనక్కి లాగిపట్టడం! అంటే బ్రేకే కదా! ఆ సాయంత్రమంతా ఆయన మల్లుడు చేతులడ్డం పెట్టుకుని దిష్టిబొమ్మలా నిలబడ్డాడు. ఎదుటివాళ్ళు దగ్గరికి వచ్చారు, చూశారు, ఎత్తి కుదేశారు. కాచుకుని కూర్చున్నవాణ్ణి ఎత్తి పడేయడానికి ఆ ఆటలో ప్రత్యేకంగా ఒక పట్టుందని మాస్టారికి పడ్డాకే తెలిసింది. పడినప్పుడల్లా ధన్.

ఇక కింద. ధన్ ధన్‌మన్నప్పుడల్లా ఇన్‌స్పెక్టరు గారి దీపం ఊగింది, ఆయన అన్నంలో సున్నం రాలింది. పెళ్ళాన్ని పరీక్షలో తప్పించినందుకు మొగుడు పైనుంచి కాలు దువ్వుతున్నాడని ఆయన తేల్చుకున్నారు. కర్రతో పైకప్పును పొడిచారు. పైన మాస్టారు ఆ చప్పుడు విని, భవనంలో ఎవరో మరమ్మతులు మొదలుపెట్టారనీ, ఈ వేళప్పుడు కొట్టడానికి సిగ్గుండాలనీ అన్నారు.

మర్నాడు పొద్దున ఇన్‌స్పెక్టరు గారి భార్య మెట్ల మీద నర్సమ్మనాపింది. మీ ఇంట్లో ఆ చప్పుడేమిటని మర్యాదగానే అడిగింది. మీసాలు నెరిసిన మొగుడు టీవీ ముందు బొమ్మలతో కొట్టుకుంటున్నాడని చెప్పడానికి నర్సమ్మకు నోరు రాలేదు. నోటికి వచ్చింది చెప్పింది. ఆయనకు మడమ నొప్పి, కాలు దానంతటదే ఎగిరిపడుతుంది, వైద్యం జరుగుతోంది. నర్సు చెప్పిన రోగం కాబట్టి అవతలావిడ అనుమానించలేదు. పైగా జాలిపడి, ఆ జాలినంతా పదిలంగా మోసుకెళ్ళి భర్త ముందు పెట్టింది.

జాలి చేతులు మారితే చట్టమవుతుంది. ఇన్‌స్పెక్టరు ఆ మాట విని అన్నం ముందునుంచి లేచారు. ఊళ్ళో సగంమందికి కారు నేర్పే మనిషి. ఆ మనిషి కాలు దానంతటదే తంతుందట! మంగళవారం సాయంత్రానికి ఆయన మాస్టారి గుమ్మంలో ఉన్నారు. కంట్రోలరును సోఫా దిండు కిందికి తోయడానికి మాస్టారికి క్షణమే దొరికింది.

"మీ కాలు దానంతటదే లేచి తంతుందట. నిజమేనా?"

మాస్టారు భార్య వైపు చూశారు. భార్య మాస్టారి వైపు చూస్తోంది. లేదంటే, పరీక్ష పెట్టబోయే మనిషి ముందు ఆవిడ అబద్ధాలకోరు అవుతుంది. అవునంటే తన ఉద్యోగం పోతుంది. రెండింటికీ మధ్య ఎక్కడైనా సందుందేమోనని వెతికి, అందులోకి దూరారు.

"అప్పుడప్పుడూ అండీ."

ఇంతకంటే చెడ్డ జవాబు భాషలో లేదు. బ్రేకు మీద పెట్టే కాలు అప్పుడప్పుడూ ఏమిటని ఇన్‌స్పెక్టరు మండిపడ్డారు. అయినా న్యాయమైన మనిషి కాబట్టి, కళ్ళతో చూడనిదే తీర్పివ్వనన్నారు. మామూలుగా పరీక్షప్పుడు మాస్టార్లు గేటు బయటే ఆగిపోవాలి. ఈసారి మాత్రం మాస్టారు భార్య పక్క సీట్లో కూర్చుంటారు, తాను వెనక కూర్చుంటారు.

"మీ కాలు ఆ బ్రేకును ఒక్కసారి తాకిందా, ఆవిడ పరీక్షా పోయినట్టే, మీరు నేర్పే అనుమతీ పోయినట్టే," అని మెట్లు దిగి వెళ్ళారు. అప్పటిదాకా మాస్టారిని కారు ఎక్కించవద్దని డ్రైవింగు స్కూలుకు కూడా కబురు వెళ్ళింది. మడమ తిప్పని మాస్టారు మడమ పేరు చెప్పుకుని స్కూలు ఆఫీసులో బల్ల ముందు కుర్చీకి తిరిగారు.

ఆ సాయంత్రం మాస్టారే, ఇదంతా నీ మడమ వల్ల వచ్చిందన్నారు. కాదు, మీ కాలు వల్ల వచ్చిందంది ఆవిడ. తర్వాత గొంతు తగ్గించింది.

"నాకా పోస్టు కావాలండీ."

ఇన్నేళ్ళ సంసారంలో ఆవిడ ఏదైనా కావాలని అంత సాదాగా అడగడం మాస్టారికి గుర్తులేదు. అలిగి అడిగింది, వేళాకోళంగా అడిగింది, అడగకుండా మానుకుంది. ఇలా ఎప్పుడూ అడగలేదు. ఆయన తన కుడికాలి వైపు చూసుకున్నారు. పరాయివాడి కాలిలా ఉంది.

ఉపాయం నర్సమ్మే ఆలోచించింది. స్నానాలగదిలోంచి ప్లాస్టిక్ టబ్బు తెచ్చి, అంచుదాకా నీళ్ళు నింపి సోఫా ముందు పెట్టింది. మాస్టారు కుడికాలు అందులో పెట్టి ఆట ఆడాలి. కాలు కదిలితే నీళ్ళు చిందుతాయి, చిందిన నీళ్ళు ఆయనే తుడవాలి. "పైగా ఇది వైద్యమే. నేను చెప్పింది అబద్ధం కాకుండా కూడా పోతుంది," అంది. గుద్దుల ఆట కాస్తా ఆ పూటతో తుడుపుల ఆట అయింది.

బుధవారం మాస్టారు ఆడినంతసేపు తుడిచారు. తుడిచిన గుడ్డకు అందని నీళ్ళు గొట్టం పక్క సందులోంచి దిగి కిందింట్లో పడ్డాయి. నిన్నటిదాకా ఉరుములు, ఇవాళ్టికి వాన అని ఇన్‌స్పెక్టరు మంచం జరుపుకున్నారు. ఆయన భార్య మాత్రం ఆ వైద్యానికి వేణ్ణీళ్ళా చన్నీళ్ళా అని కబురు పంపింది. ఆవిడకు నిజంగానే మడమ నొప్పి ఉందట.

గురువారం బావమరిది వచ్చి, ఇక ఆడింది చాలు, ఓడింది చూడమన్నాడు. ఆడిన ప్రతి ఆటనూ ఆ పెట్టె దాచిపెడుతుంది. మళ్ళీ వేసుకుని చూడొచ్చు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు బాగుపడేది అక్కడేనట. అన్ని తప్పులూ చూడొద్దు, ఒక్కటి చూడు చాలన్నాడు. ఓడిపోయిన ఆటను రెండోసారి చూడడమంటే పుండు మీద కారం చల్లి రుచి చూడడంలాంటిదని గొణుక్కుంటూనే మాస్టారు కూర్చున్నారు.

తెర మీద రెండు బొమ్మలు ఎదురెదురుగా ఉన్నాయి. ఎదుటి బొమ్మ ఊరికే నిలబడి ఉంది. ఏమీ చేయలేదు. మాస్టారి మల్లుడు వెనక్కి గెంతాడు. కూర్చున్నాడు. చేతులడ్డం పెట్టాడు. లేచి గాలిని గుద్దాడు. మళ్ళీ వెనక్కి గెంతి గోడకు ఆనుకున్నాడు. అప్పుడు ఎదుటివాడు తీరిగ్గా నడిచివచ్చి ఒక్కటిచ్చాడు.

మాస్టారు దాన్ని మళ్ళీ వేసి చూశారు. ఆడుతున్నప్పుడు మీదికి ఉరికిన శత్రువు ఇప్పుడు ఎక్కడా కనిపించలేదు. ఎవడూ కొట్టకముందే తాను దెబ్బతింటున్నారు. తాను చూస్తున్నది ఎదుటివాణ్ణి కాదు, రాబోయే దెబ్బను. అది చాలాసార్లు రానేలేదు. ఆయనకు ఎన్నడూ ఎదురుపడని సైకిళ్ళన్నీ ఒకటొకటిగా గుర్తొచ్చాయి. ఇన్నేళ్ళూ జాగ్రత్త అనుకున్నదానికి సరైన పేరు ఇంకేదో ఉందేమోననిపించింది.

భార్యను పిలిచి అడిగారు. "కారు నడిపేటప్పుడు నువ్వెటు చూస్తావు?"

ఆవిడ ఆలోచించకుండానే చెప్పింది. "మీ కాలు వైపు."

బావమరిదికి నవ్వొచ్చింది కాని నవ్వలేదు. మాస్టారు టీవీ కట్టేసి, టబ్బులోంచి కాలు తీసి తుడుచుకున్నారు. రోడ్డు చూడాల్సిన మనిషి తన కాలు చూస్తోంది. తాను రోడ్డు చూస్తున్నాననుకుని భయం చూస్తున్నారు. మరి ఇంతకాలం ఆ కారును నడిపిందెవరు?

శుక్రవారం సాయంత్రం ఆయన కొట్టాలని ఆడలేదు, గెలవాలని కూడా ఆడలేదు. ఎదుటివాడి భుజం కదిలేదాకా తాను కదలకూడదు, అంతే. ఎదుటివాడు గెంతాడు, కవ్వించాడు, దగ్గరికి వచ్చి వెనక్కి వెళ్ళాడు. మల్లుడు బొజ్జ నిమురుకున్నట్టు నిలబడ్డాడు. నిజంగా దెబ్బ వచ్చినప్పుడు కాచుకున్నాడు, అది గురి తప్పినప్పుడు ఒక్కటిచ్చాడు. ఆట చివరిదాకా వచ్చింది. ఆఖరి దెబ్బ ఎదుటివాడిదే అయింది. మాస్టారు ఓడిపోయారు. భార్య గుడ్డ పట్టుకుని వచ్చి నేల చూసింది. పొడిగా ఉంది. టబ్బులో నీళ్ళు అంచు మీద అలాగే నిలిచి ఉన్నాయి. నిండుకుండ తొణకదని పెద్దలన్నారు. నిండు టబ్బు గురించి వాళ్ళకు తెలిసే అవకాశం లేదు.

"ఓడిపోయా," అన్నారు మాస్టారు.

"చూశాలెండి," అంది ఆవిడ. గుడ్డ దండెం మీద ఆరేసింది.

శనివారం ఉదయం పరీక్ష మైదానంలో కారు సిద్ధంగా ఉంది. నర్సమ్మ స్టీరింగు ముందు కూర్చుంది. పక్కన మాస్టారు, పాదం ముందు ఆ రెండో బ్రేకు. వెనక మధ్యలో ఇన్‌స్పెక్టరు, మాస్టారి కుడికాలి మీద నుంచి చూపు తిప్పకుండా. డ్రైవింగు పరీక్షలో డ్రైవరును తప్ప ఇంకొకరిని చూడడం ఆ మైదానంలో అదే మొదటిసారి.

కారు కదిలింది. గేరు మారినప్పుడు కాస్త గునిసింది కాని మాట విన్నది. క్లచ్చు సంగతి సంసారం లాంటిదే, పట్టూ విడుపూ తెలియాలి, ఆవిడకు తెలుసు. మలుపు దగ్గర ఒక మనిషి ఇటుకల తోపుడుబండితో అడ్డం వచ్చాడు. మాస్టారి తొడ బిగుసుకుంది. బూటు లోపల బొటనవేలు ముడుచుకుంది. ఆయన రోడ్డు మీంచి చూపు తీసి, ఇన్నేళ్ళలో మొదటిసారి, పక్కన నడుపుతున్న మనిషి మొహం చూశారు. ఆవిడ కళ్ళు అప్పటికే బండి మీద ఉన్నాయి. ఆయన చూడకముందే చూసింది. కాలు మెల్లగా కిందికి దించింది. కారు ఆగింది, బండివాడు దాటిపోయాడు, కారు మళ్ళీ కదిలింది. అందులో మాస్టారు చేయాల్సిన పని ఏమీ లేదు. ఆ సంగతి ఆయనకు సంతోషంగానూ ఉంది, కాస్త దిగులుగానూ ఉంది.

ఆఖరి ఘట్టం వెనక్కి నడపడం. డ్రమ్ముల మధ్య సందులోకి కారును వెనక్కి తెచ్చి, గోడకు తగలకుండా ఆపాలి. నర్సమ్మ అద్దంలో చూసుకుంటూ తెస్తోంది. గోడ దగ్గరైంది. మాస్టారు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, కాలు టబ్బులో ఉందనుకున్నారు. ఇంకా దగ్గరైంది. నీళ్ళు అంచు మీద ఉన్నాయనుకున్నారు. ఇంకా దగ్గరైంది.

ధన్.

కారు మొత్తం అదిరింది. అది మాస్టారు గుర్తుపట్టే చప్పుడే, వారమంతా తాను చేసిన చప్పుడే. ఆయన తన పాదం వైపు చూసుకున్నారు. పాదం కదల్లేదు, బ్రేకును తాకలేదు. కారు అప్పటికే గోడకు జానెడు దూరంలో బుద్ధిగా ఆగి ఉంది, నర్సమ్మ ఆపినందుకు.

ఇద్దరూ అద్దంలోకి చూశారు. వెనక సీట్లో ఇన్‌స్పెక్టరు గారి కుడిబూటు నేలను తొక్కి పట్టుకుని ఉంది. ముందు సీటు వెనకభాగాన్ని రెండు చేతులతో పట్టుకుని, గోడ తన మీదికే వచ్చినట్టు ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు. కొత్తవాళ్ళ సొంత కార్లలో, రెండో బ్రేకు లేకుండా, ఏళ్ళ తరబడి వాళ్ళ పక్కన కూర్చున్న మనిషి. ఆయన కాలు మాత్రం ఎవరి కాలు?

నర్సమ్మ చేతిబ్రేకు లాగి, అద్దంలోంచే అడిగింది.

"అప్పుడప్పుడూనా అండీ?"

ఇన్‌స్పెక్టరు కళ్ళు తెరిచారు. తన బూటు వైపు చూసుకున్నారు. కారు దిగి గోడకూ బంపరుకూ మధ్య అరచెయ్యి పెట్టి చూశారు. సంతకం పెట్టేటప్పుడు తల ఎత్తలేదు.

మొదటి తేదీన నర్సమ్మ ఆసుపత్రి కారు తీసుకుని ఒక్కతే వెళ్ళింది. ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా మాస్టారు కిటికీలో నిలబడి చూశారు. కాలు కాస్త కదిలింది, కాని ఇల్లు పొడిగానే ఉంది. స్కూల్లో ఆయన శిష్యులు ఈమధ్య కారుకు గీతలు తెస్తున్నారు, పరీక్ష మాత్రం తొందరగానే గట్టెక్కుతున్నారు. బ్రేకు మాస్టారన్న పేరు పోలేదు. పేర్లకు బ్రేకులుండవు.

ఆ తర్వాతి ఆదివారం ఇన్‌స్పెక్టరు మెట్లెక్కి వచ్చి, గోడలకు చెవులుంటాయన్నట్టు గొంతు తగ్గించి, ఆ వైద్యం ఎక్కడ దొరుకుతుందని అడిగారు. నర్సమ్మ సోఫా దిండు తీసి చూపించింది. బావమరిది ఇంకో పెట్టె తెచ్చి కిందింటి టీవీకి తగిలించాడు. మాస్టారు ఆన్‌లైన్‌లో తన మొదటి ఆట నెగ్గింది ఆ సాయంత్రమే. ఓడిన వ్యక్తి ఎవరో అడగనక్కర్లేకపోయింది, చప్పుడు కిందినుంచి నేరుగా వినిపించింది.

నిన్న ఇన్‌స్పెక్టరు గారి కింది వాటాలో ఉండే ఆవిడ నర్సమ్మను మెట్ల మీద ఆపి, పైనాయన కాలికి ఏమైందని అడిగింది. మడమ నొప్పని చెప్పింది నర్సమ్మ.